సైకిలు చట్రం: అల్యూమినియమా, కార్బనా?

మా మేనల్లుడొకడు మాదాపూరులోని ఒక సాఫ్ట్‌వేరు సంస్థలో ఉద్యోగం చేస్తున్నాడు. కొన్ని మాసాల క్రిందట ఒక ఆదివారం ఉదయం మా యింటికి వచ్చి, కాఫీ త్రాగుతూ, "మామయ్యా, రోడ్డు సైకిలు కొనాలనుకుంటున్నాను. అల్యూమినియం చట్రం మంచిదా, కార్బను చట్రం మంచిదా? మీరు లోహశాస్త్రం బోధించినవారు గదా, చెప్పండి" అన్నాడు. అడిగిన తీరు చూస్తే, కార్బనే కొనాలని అతడు మనస్సులో నిశ్చయించుకున్నాడనీ, నా చేత ఔననిపించుకోవడానికే వచ్చాడనీ తెలిసిపోయింది. ధర ఎంత అని అడిగాను. అతడు చూసి పెట్టుకున్న కార్బను సైకిలు ధర, ఒక మోస్తరు అల్యూమినియం సైకిలు ధరకు మూడింతలు. సొమ్ము చేతిలో లేదు. పద్దెనిమిది నెలల వాయిదాల మీద తీసుకుంటాడట. చెల్లెలి పెండ్లికి చేసిన అప్పు ఇంకా తీరవలసి ఉన్నది. ఇక ఇది ఒక్క లోహశాస్త్రపు ప్రశ్నగా నాకు కనబడలేదు.

హైదరాబాదు నగరపు పడమటి దిక్కున ఇట్టి ప్రశ్న నేడు ఎన్నో యిండ్లలో వినబడుతున్నది. 1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించిన నాటికి ఆ ప్రాంతం చాలవరకు రాళ్ల గుట్టలు, తుప్పలు, మధ్య మధ్య చెరువులు. ఇప్పుడు అక్కడి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కొండాపురం రోడ్ల మీద తెల్లవారుజామున ఐదు గంటలకు పోయి నిలబడితే, తలకు శిరస్త్రాణం, వెనుక మిణుకుమనే ఎర్రదీపం, వంపు తిరిగిన హ్యాండిలు మీదికి వంగి దూసుకుపోయే యువతీ యువకులు గుంపులు గుంపులుగా కనబడతారు. పగలంతా కుర్చీలో కూర్చుండి పనిచేసే వారికి ఆ రెండు గంటలే దేహ పరిశ్రమ. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. 2023 అక్టోబరు 1వ తేదీన వెలుపలి వలయ రహదారి ప్రక్కన, పైన సౌరఫలకాల కప్పుతో, 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమయింది. నానక్‌రామ్‌గూడ నుండి పోలీసు అకాడమీ వైపు ఒక శాఖ, నార్సింగి నుండి కొల్లూరు వైపు మరొక శాఖ. బాట వచ్చిన తరువాత దాని మీద నడిపే బండి గురించి ఆలోచన రావడం సహజమే.

మా తరం వారికి సైకిలు అంటే ఉక్కు. నల్లరంగు, వెనుక క్యారియరు, ముందు డైనమో దీపం. తండ్రి తొక్కినదానినే కొడుకు తొక్కేవాడు. చట్రం ఎక్కడైనా విరిగితే ఊరి వెల్డింగు దుకాణానికి పోయి అతికించుకు వచ్చేవాళ్లం. అతుకు దగ్గర రంగు పోయేదే గాని బండి మరి పదేండ్లు నడిచేది. ఉక్కుకు ఒక గొప్ప గుణం ఉన్నది. దాని శక్తికి మించని ఒత్తిడి ఎన్ని లక్షల మార్లు కలిగినా అది అలసిపోదు. అందుచేత ఆ పాత బండ్లకు చావు లేదన్నట్లుండేది. బరువు మాత్రం ఇరవై కిలోలకు అటూ ఇటూ. నేటి రోడ్డు సైకిలు బరువు ఎనిమిది, తొమ్మిది, పది కిలోలు. ఈ తగ్గుదలకు దారి చూపినవే మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న రెండు పదార్థాలు.

మొదటిదానిని మీరు ప్రతిదినం చూస్తూనే ఉన్నారు. మన వంటింటి సత్తు గిన్నె, తెలంగాణలో సిల్వరు గిన్నె అని పిలిచేది, అల్యూమినియమే. 1886కు పూర్వం ఇది వెండితో పోటీ పడిన అపురూప లోహం. ఆ యేడాది అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, విద్యుచ్ఛక్తితో దానిని చవకగా తీసే మార్గాన్ని కనిపెట్టారు. ఉక్కు సాంద్రత సుమారు 7.8, అల్యూమినియంది 2.7 మాత్రమే. కాని శుద్ధమైన అల్యూమినియం మెత్తనిది. సత్తు గిన్నె క్రిందపడితే సొట్టపడడం ఎరుగని గృహిణి లేదు. అట్టి దానితో మనిషి భారం మోసే చట్రం ఎట్లా చేస్తారు?

ఈ చిక్కు విడిపోయిన కథ చిత్రమైనది. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే శాస్త్రవేత్త 1906లో అల్యూమినియంలో కొంచెం రాగి, కొంచెం మెగ్నీషియం కలిపి, బాగా కాచి, నీళ్లలో ముంచి చల్లార్చి చూశాడు. గట్టిదనం అనుకున్నంత రాలేదు. కొద్ది దినాలు ఊరకుండి మళ్లీ కొలిచి చూస్తే అదే ముక్క ఎంతో గట్టిపడి ఉన్నది! లోహం ఊరకే కూర్చుండి బలం పుంజుకున్నదన్న మాట. కొత్త ఆవకాయ జాడీలో ఊరినట్లు, లోహం లోపల కలిసిన ధాతువులు నెమ్మదిగా సూక్ష్మమైన కణాలుగా ఏర్పడి, పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా అడ్డుపడతాయి. నేడు సైకిలు చట్రాలకు వాడే 6061 అనే మిశ్రమంలో మెగ్నీషియం, సిలికను ఉంటాయి. 7005 అనే దానిలో ప్రధానంగా తుత్తునాగం. 6061 చట్రాన్ని అతికిన తరువాత సుమారు 530 డిగ్రీల వేడిలో ఉంచి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ 170, 180 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఊరనిస్తారు. అమ్మేవారు చట్రం మీద టి6 అని ముద్రించేది ఈ పాకాన్ని గురించే. అందుకనే అల్యూమినియం చట్రం విరిగితే ఊరి వెల్డింగు దుకాణానికి పోరాదు. అతుకు వేసే మంట ఆ చుట్టుప్రక్కల పాకాన్ని చెడగొడుతుంది. అతుకు నిలిచినా దాని ప్రక్కన మెత్తబడిన చోటు నిలువదు.

అల్యూమినియానికి మరొక లోపం కలదు. ఒకే కొలతల కడ్డీలను తీసుకుంటే, ఉక్కు వంగేదానికి మూడింతలు ఇది వంగుతుంది. ఈ లోపాన్ని ఆకారంతో పూడ్చారు. గొట్టం గోడ మందం అంతే ఉంచి వ్యాసం మాత్రం రెట్టింపు చేశామనుకోండి. బరువు రెట్టింపు అవుతుంది. వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందువలననే అల్యూమినియం సైకిళ్ల గొట్టాలు లావుగా ఉంటాయి. లావుపాటి గొట్టాల చట్రం బిర్రుగా ఉంటుంది గనుక, ఒకప్పుడు వాటికి గుంతల రోడ్డు మీద నడుము విరగగొట్టే బండ్లనే చెడ్డపేరు వచ్చింది. ఆ పేరు నేటికీ పూర్తిగా పోలేదు. ఇప్పటి గొట్టాలను ఎక్కడ బలం కావాలో అక్కడ మందంగా, మిగతా చోట పలుచగా, కావలసిన వంపుతో తీస్తున్నారు. మంచి అల్యూమినియం చట్రం నేడు ఒక కిలో మూడు వందల గ్రాముల నుండి ఒక కిలో ఎనిమిది వందల గ్రాముల వరకు తూగుతుంది.

ఇక కార్బను. పేరు కొత్తగా వినబడినా ఇది బొగ్గే. ఎడిసన్ తన తొలి విద్యుద్దీపాలలో వాడినది కాల్చి బొగ్గుగా మార్చిన వెదురు నార. మన పాత టెలిఫోనులో మాట అందుకొన్నది బొగ్గు రవ్వ. మీ యింటి రేడియోలోని నిరోధకాలలోను బొగ్గు పూత ఉండవచ్చు. సైకిలుకు వచ్చేది మాత్రం సన్నని పోగు. తలవెంట్రుకలో పదోవంతు మందం గల ఒక కృత్రిమ దారాన్ని మొదట 200, 300 డిగ్రీల వద్ద గాలిలో వేపి, తరువాత ప్రాణవాయువు తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాల్చితే, బొగ్గు మాత్రమే మిగులుతుంది. ఆ పోగును నిలువునా లాగితే ఉక్కును మించిన బలం చూపుతుంది. అడ్డంగా వంచితే పుటుక్కున తెగుతుంది.

ఒంటి పోగుతో పని జరుగదు. మన పల్లెలలో మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి త్రొక్కి కలపడం చూసినవారే మీరందరు. ఒట్టి మట్టి బీటలు వారుతుంది, ఒట్టి గడ్డి నిలబడదు. రెండూ కలిస్తే గోడ అవుతుంది. ఇక్కడ గడ్డికి బదులు కార్బను పోగులు, మట్టికి బదులు రెసిన్ అనే జిగురు. జిగురు పట్టించిన పోగుల పట్టాలను కత్తిరించి, ఒకదానిపై ఒకటి వేరు వేరు దిక్కులకు పరచి, అచ్చులో పెట్టి, లోపలి నుండి గాలితో ఒత్తుతూ కాలుస్తారు. ఎక్కడ బలం ఏ దిక్కున కావాలో ఆ దిక్కుకు పోగు పరచవచ్చును. పెడళ్ల దగ్గర బిర్రుగా, సీటు క్రింద కొంచెం మెత్తగా, ఒకే చట్రంలో చేయవచ్చును. లోహానికి ఈ సౌకర్యం తక్కువ. ఇట్లా చేసిన వస్తువు సాంద్రత 1.6 మాత్రమే, కనుక మంచి కార్బను చట్రం ఎనిమిది వందల గ్రాముల నుండి పన్నెండు వందల గ్రాముల లోపున తేలుతుంది. ఆ పట్టాలను పరచేది మాత్రం చాలవరకు మనుషుల చేతులే. ఒక పట్టా ముడత పడినా, ఎక్కడైనా గాలిబుడగ మిగిలినా, పైన రంగు వేసిన తరువాత కంటికి కనబడదు. మంచి కర్మాగారం పరీక్షించి పంపుతుంది. పేరు ఊరు లేని చవక చట్రానికి ఆ పరీక్ష జరిగిందని చెప్పగలవారు లేరు.

పందెపు లోకంలో ఈ రెండింటి పోటీ ఎప్పుడో తేలిపోయింది. 1986లో అమెరికా దేశస్థుడు గ్రెగ్ లెమాండ్ కార్బను గొట్టాల చట్రం మీద టూర్ డి ఫ్రాన్స్ పందెం గెలిచాడు. అల్యూమినియం చట్రం మీద ఆ పందెం గెలిచిన చివరివాడు 1998లో ఇటలీవాడైన మార్కో పంతాని. సైకిళ్లు మరీ తేలికై ప్రమాదం తేకుండా, పందెపు సైకిలు 6.8 కిలోలకు తక్కువ ఉండరాదని అంతర్జాతీయ సంఘం నియమం పెట్టవలసి వచ్చింది. ఈ చరిత్ర అంతా మా మేనల్లుడికి కంఠస్థం. "పోటీదారులందరూ కార్బనే తొక్కుతున్నారు గదా మామయ్యా" అన్నాడు. "వారికి చట్రం విరిగితే వెనుక కారులో మరొకటి వస్తుంది, నీ వెనుక ఎవరు వస్తున్నారు?" అన్నాను. నవ్వాడు గాని ఒప్పుకోలేదు.

అప్పుడు అతనికి మన హైదరాబాదులోనే జరిగిన ఒక ఉదంతం చెప్పాను. అబ్దుల్ కలాం గారు ఇక్కడి రక్షణ పరిశోధనశాలలో పనిచేస్తున్న రోజులలో అగ్ని క్షిపణి కోసం, వాతావరణంలోకి తిరిగి వచ్చేటప్పుడు పుట్టే భయంకరమైన వేడిని తట్టుకొనే తేలికపాటి కార్బను పదార్థాన్ని సిద్ధం చేశారు. 1989లో అగ్ని తొలిసారి ఎగిరింది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకరు పరిశోధనశాలకు వచ్చి, ఆ పదార్థాన్ని చేతిలోకి తీసుకొని, అది ఎంత తేలికగా ఉన్నదో చూసి, కలాం గారిని తమ ఆసుపత్రికి తీసుకుపోయారట. అక్కడ పోలియో సోకిన పిల్లలు కాళ్లకు మూడేసి కిలోల లోహపు కట్లు తగిలించుకొని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో మూడు వందల గ్రాముల కట్లు తయారు చేసి తొడిగితే పిల్లలు పరుగెత్తారనీ, తల్లిదండ్రుల కన్నుల నీరు కారిందనీ కలాం గారు తమ ప్రసంగాలలో ఎన్నోమార్లు చెప్పారు. తన జీవితంలోని గొప్ప ఆనందాలలో దానిని ఒకటిగా వారు లెక్కించేవారు.

కార్బను విలువ ఏమిటో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం నాకు తెలియదు. కాని ఆ పసివాడి కాలు ఎంత, మూడు కిలోలు ఎంత? తగ్గిన బరువు మోసేవాడి బలంలో ఎన్నో వంతు అన్నదే లెక్క. ఆ లెక్క మా మేనల్లుడి విషయంలో కాగితం మీద వేసి చూపించాను.

అతడు, సైకిలు, నీళ్ల సీసా కలిపి 80 కిలోలు అనుకుందాం. రెండు సైకిళ్లకు మధ్య బరువు తేడా, చట్రంలోను ఇతర భాగాలలోను కలిపి ఒక కిలో. నిలకడగా 150 వాట్ల శక్తితో తొక్కుతున్నాడనుకుందాం. ఓపికగా సాధన చేసేవారికి ఇది సాధ్యమే. వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి, గాలి, రోడ్డు రాపిడి ప్రక్కకు పెట్టి, కేవలం భూమి ఆకర్షణను ఎదిరించడానికి పట్టే కాలం 8 నిమిషాల 43 సెకనులు. కిలో తగ్గిస్తే 8 నిమిషాల 37 సెకనులు. ఆరు సెకనుల లాభం, అదీ వంద మీటర్ల ఎత్తుకు! గచ్చిబౌలిలో ఒక ఫ్లైఓవరు ఎత్తు ఎంత ఉంటుందో మీరే ఊహించండి. ఇక చదునైన రోడ్డు మీద గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోయేవాడి శ్రమలో సగానికి మించినది గాలిని చీల్చడానికే పోతుంది. అక్కడ కిలో బరువు ఉన్నా లేకున్నా తేడా స్వల్పం. నడుము వంచి, మోచేతులు దగ్గరకు తీసుకుంటే వచ్చే లాభం ఉచితంగానే వస్తుంది.

"సరే, సుఖం మాటేమిటి? కార్బను అదురు పట్టదంటారు" అన్నాడు. అది కొంతవరకు నిజమే. కాని రోడ్డు అదురు మొదట తగిలేది టైరుకు. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల సన్నని టైరు, దానిలో రాయి వలె గాలి కొట్టడం ఆచారం. ఇప్పుడు 28, 32 మిల్లీమీటర్ల టైర్లు వాడుతున్నారు. డెబ్బై కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరులో 75, 80 పౌండ్ల గాలి చాలును. ఈ మార్పుతో కలిగే సుఖం ముందర, చట్రం మార్పుతో కలిగే సుఖం చిన్నది. ఫ్లైఓవర్ల కీళ్లు, కాలనీల వారు సొంతంగా పోసుకున్న వేగ నిరోధకాలు, వానాకాలంలో రాత్రికి రాత్రి పుట్టే గుంతలు, వీటన్నిటి మీద మొదట మనను కాపాడేది టైరులోని గాలే. కనుక చట్రం కొనేముందు, అందులో ఎంత వెడల్పు టైరు పడుతుందో అడగండి. ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ.

ఇంకొక సంగతి కూడ తెలుసుకోవాలి. నేడు అల్యూమినియం అని అమ్మే రోడ్డు సైకిళ్లలో మంచివాటికి, ముందు చక్రాన్ని పట్టుకొనే ఫోర్కు కార్బనుదే ఉంటుంది. చేతులకు తగిలే అదురును అది తగ్గిస్తుంది. కాబట్టి అల్యూమినియమా కార్బనా అన్న ప్రశ్నలో సగం జవాబు దుకాణంలోనే కలిసిపోయి ఉన్నది.

అప్పటికి మధ్యాహ్నమయింది. భోజనానంతరం మావాడు అసలు మాట బయటపెట్టాడు. కొత్త కార్బను సైకిలు కొనే స్తోమత లేకపోతే, ఒకరు వాడి అమ్ముతున్న కార్బను చట్రం సగం ధరకు దొరుకుతున్నదట. దానిని ఆ సాయంత్రమే చూడబోతున్నాడు. నేనూ వస్తానన్నాను.

కొండాపురంలో ఒక అపార్టుమెంటు క్రింది అంతస్తులో ఆ చట్రాన్ని చూశాం. నల్లగా నిగనిగలాడుతున్నది. అమ్మేవాడు మర్యాదస్థుడే, ఎన్నడూ క్రిందపడలేదన్నాడు, బహుశా తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పాడు. అతడూ మరొకరి దగ్గర కొన్నాడట. నేను జేబులో నుండి ఒక రూపాయి బిళ్ల తీసి, దాని అంచుతో గొట్టం పొడుగునా మెల్లగా తట్టుకుంటూ పోయాను. మంచి కుండను వ్రేలితో కొట్టినట్లు టంగు టంగుమని ఒకే ధ్వని వస్తున్నది. పెడళ్ల ఇరుసుకు జానెడు పైన, ఎడమ ప్రక్కన, ఆ ధ్వని చప్పబడింది. బీటవారిన కుండ పలికినట్లు పలికింది. పట్టాల మందం మారిన చోట కూడ ధ్వని మారవచ్చును గనుక, సరిగ్గా అదే చోట కుడి ప్రక్కన తట్టాను. కుడి ప్రక్క ధ్వని శుభ్రంగా ఉన్నది. ఎడమ ప్రక్కన దీపం ఏటవాలుగా పట్టి చూస్తే, రంగులో వెంట్రుక వంటి ఒక గీత. మావాడు దానిని చూసి, "ఇది రంగు మీద గీతే గదా" అన్నాడు. కావచ్చును. లోపల పొరలు విడిపోయి ఉండనూవచ్చును. కంటితో తేల్చి చెప్పే ఉపాయం లేదు. తెలిసిన పరీక్షకుడి వద్దకు పంపి, లోపలి పొరలను ధ్వని తరంగాలతో చూపించవలసిందే. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పల్లంలోకి దిగేటప్పుడు ఆ సందేహం తీర్చుకొనే కోరిక నాకు లేదు, నా చెల్లెలి కొడుకు తీర్చుకోవడం అంతకంటె ఇష్టం లేదు. అమ్మేవాడికి కూడ ఆ గీత చూపించి, తొక్కవద్దని చెప్పి వచ్చాం.

నా దృష్టిలో ఈ రెండు పదార్థాలకు గల నిజమైన భేదం ఇదే. అల్యూమినియం దెబ్బ తింటే సొట్టపడుతుంది. సొట్ట అందరికీ కనబడుతుంది. ఉక్కుకు వలె దానికి అలసట లేని హద్దు లేదు. లక్షల కుదుపుల తరువాత అతుకుల దగ్గర సన్నని బీట పుడుతుంది, కాని నెలకొకసారి బండి తుడిచే అలవాటు ఉన్నవాడి గుడ్డ అంచు చాలవరకు దానిని పట్టుకుంటుంది. కార్బను అలసటను అల్యూమినియం కంటె మెరుగుగా తట్టుకుంటుంది, తుప్పు అనే మాటే దానికి లేదు. సరైన వాడుకలో చాలా యేండ్లు నిలుస్తుంది. దానికి పడనిది ప్రక్క నుండి తగిలే మొనదెబ్బ. బండి రాతి అంచు మీద పడడం, కారు తలుపు తగలడం, గొట్టాన్ని బిగింపు పట్టెలో పెట్టి నొక్కడం. పైన ఏమీ లేనట్లుండి లోపల విడిపోవచ్చును. అయినా న్యాయానికి ఒక మాట చెప్పాలి: విరిగిన కార్బను చట్రాన్ని తెలిసిన పనివాడు పాడైన పొరలు గీకి, కొత్త పట్టాలు పరచి బాగు చేయగలడు. విరిగిన అల్యూమినియం చట్రాన్ని కరిగించి మరొక వస్తువు చేయడమే మేలు. అట్లా కరిగించడానికి, ఖనిజం నుండి కొత్త లోహం తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతు చాలును. కార్బనుకు ఆ పునర్జన్మ అంత సులభం కాదు.

కార్బను కొని ఉన్నవారు భయపడవలసిన పని లేదు, కాని కొన్ని అలవాట్లు చేసుకోవాలి. సీటు గొట్టం మరను చేతి అంచనాతో బిగించరాదు. దాని మీద 5 న్యూటన్ మీటర్లు అనో మరొక అంకెనో వ్రాసి ఉంటుంది. టార్కు రెంచి అనే పనిముట్టుతో అంతవరకే బిగించాలి. పంక్చరు దుకాణంలో అభిమానంతో మరొక చుట్టు బిగించే కుర్రవాణ్ణి సున్నితంగా ఆపాలి. గొట్టం జారుతున్నదని గ్రీజు పూయరాదు, దానికి వేరే గరుకు లేపనం దొరుకుతుంది. మన ఎండలు 42, 43 డిగ్రీలకు పోతాయి గదా, జిగురు కరగదా అని కొందరు అడుగుతారు. మంచి రెసిన్ మెత్తబడేది సాధారణంగా నూరు డిగ్రీలు దాటిన తరువాతే. ఎండకు భయం లేదు. చెమటకు భయం ఉన్నది. కార్బనూ అల్యూమినియమూ ఒకదానికొకటి తాకుతున్న చోట ఉప్పునీరు చేరితే, విద్యుత్ ఘటంలో వలె అల్యూమినియం తినబడుతుంది. కార్బను చట్రంలో అల్యూమినియం సీటు గొట్టం ఉన్నవారు రెండు మూడు నెలలకొకసారి దానిని బయటకు తీసి తుడిచి పెట్టకపోతే, ఒకనాటికి అది లోపలే అతుక్కుపోతుంది. అల్యూమినియం చట్రం గలవారు హ్యాండిలు పట్టీ క్రింద చెమట చేసే పనిని ఏడాదికొకసారి విప్పి చూసుకోవాలి.

కార్బను ఎవరికి తగును? పందాలలో దిగేవారికి, సెకనులు లెక్కించేవారికి. కొండలెక్కడమే వ్యసనంగా గలవారికి. పడితే పోయిందనుకొని మరొకటి కొనగలవారికి. అంతేగాని దూరం పోవడానికి అది తప్పనిసరి కాదు. హైదరాబాదులో బ్రెవే అనే దూరప్రయాణాలు చేసేవారున్నారు. ప్యారిస్‌లోని సంఘం నియమాల ప్రకారం 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటలలో, 300 కిలోమీటర్లు 20 గంటలలో, 600 కిలోమీటర్లు 40 గంటలలో పూర్తిచేయాలి. నాలుగేండ్లకొకసారి ప్యారిస్ నుండి బ్రెస్టుకు పోయి తిరిగి వచ్చే 1200 కిలోమీటర్ల యాత్రకు 90 గంటల గడువు. లెక్క కట్టండి, గంటకు పదిహేను కిలోమీటర్ల లోపే. అక్కడ చట్రం కంటె ముఖ్యమైనవి సరిపోయే కొలత, నొప్పి పెట్టని సీటు, నమ్మదగిన దీపం, నిద్రను ఆపుకోగల మనస్సు. ఉక్కు చట్రాల మీద ఆ యాత్రలు ముగించినవారు ఎందరో ఉన్నారు.

కొలత అన్నాను గనుక చెబుతున్నాను, దుకాణంలో ఏ చట్రమైనా పావుగంట తొక్కి చూడకుండా కొనకండి. ఒక సైజు పెద్దదైన కార్బను చట్రం మీద నడుమునొప్పి వస్తుంది; సరిపోయిన అల్యూమినియం చట్రం మీద రాదు. తగ్గింపు ధరకు ఆ ఒక్క సైజే మిగిలిందని అమ్మేవారు చెప్పినప్పుడు ఈ మాట గుర్తుంచుకోవడం కష్టం.

మావాడు చివరకు కార్బను ఫోర్కు గల అల్యూమినియం సైకిలు, 32 మిల్లీమీటర్ల టైర్లు పట్టేది, తీసుకున్నాడు. వాయిదాలు లేకుండానే కొన్నాడు. మిగిలిన సొమ్ములో కొంత శిరస్త్రాణానికి, ముందు వెనుక దీపాలకు, ఒక టార్కు రెంచికి పోయింది. కొంత చెల్లెలి పెండ్లి అప్పుకు జమపడింది. ఈమధ్య నార్సింగి నుండి కొల్లూరు దాకా బాట మీద పోయి వచ్చి, చెమటలు కారుతూ మా యింటికి వచ్చాడు. వరండాలో సైకిలు నిలిపి, జేబులో నుండి రూపాయి బిళ్ల తీసి గొట్టాల మీద తట్టడం మొదలుపెట్టాడు. "ఒరే, అది అల్యూమినియంరా, దాని బీట బిళ్లతో తెలియదు. అతుకుల దగ్గర తుడిచి చూడు" అని పాత గుడ్డ ఒకటి ఇచ్చాను.